నల్లగండ్లలో నాలుగు గంటల వాన

నల్లగండ్ల నుంచి లింగంపల్లి హైస్కూలుకు నడిచి వెళ్తే ముప్పావుగంట పడుతుంది. బాలాత్రిపురసుందరి ఆ దారిన తొమ్మిదేళ్ళుగా నడుస్తోంది. ఆవిడ ఊరు కాకినాడ వైపు. పెళ్ళైన రెండేళ్ళకే భర్త పోతే టీచరు ట్రైనింగు చేసి, ఉద్యోగంలో చేరి, ఇద్దరు తమ్ముళ్ళను చదివించింది. వాళ్ళు వాళ్ళ సంసారాల్లో పడ్డారు. ఆవిడ బుచ్చమ్మ ఇంట్లో ముందుగది కిరాయికి తీసుకుని ఉంటోంది. ఊళ్ళో అందరికీ పంతులమ్మ.

నలభై నాలుగేళ్ళు వచ్చేసరికి ఆవిడ కాలు ఒకచోట నిలవడం మానేసింది. కూర్చుంటే లేవాలనిపించేది. లేస్తే ఎటు వెళ్ళాలో తెలిసేది కాదు. వాకిట్లో అటూ ఇటూ తిరిగి, చెప్పులు విడిచి, మళ్ళీ వేసుకునేది.

డెబ్బై మూడు ఫిబ్రవరిలో ఒకరోజు ఎనిమిదో తరగతికి పాఠం చెబుతోంది. "భూమధ్యరేఖ దగ్గరి ఊళ్ళలో ప్రతిరోజూ సాయంత్రం నాలుగింటికి వాన పడుతుంది." ఈ వాక్యం ఆవిడ ఎన్ని వందలసార్లు చెప్పిందో. ఆ రోజు ముందు బెంచీలో కూచున్న పిల్ల లేచి, "మీరు చూసిన్రా టీచర్?" అని అడిగింది.

"లేదమ్మా," అంది సుందరి. ఆ తర్వాత పాఠం సాగలేదు.

చిన్ననాటి స్నేహితురాలు కనకలక్ష్మి సింగపూరులో ఉంది. ఆమె భర్తకు అక్కడ గుమాస్తా ఉద్యోగం. రమ్మని ఏడాదికో ఉత్తరం రాసేది. ఆ సాయంత్రం సుందరి ఒక పొడుగు నోటుపుస్తకం తీసి మొదటి పేజీలో 'సింగపూరు - పది రోజులు' అని రాసింది.

మర్నాడు నాలుగింటికి బుచ్చమ్మ ఇంటిమీద వాన పడింది. ఆ ఇంటిమీదా, వెనకాల ఉన్న అరెకరం కూరతోటమీదా మాత్రమే. పక్కింటి రుక్కమ్మ వాకిలి ఎప్పటిలా దుమ్ము రేగుతూనే ఉంది. అరగంట కురిసి ఆగింది. బుచ్చమ్మ గబగబా వెళ్ళి ఆరబెట్టిన మిరపకాయలు లోపల పోసింది. మూడోనాటినుంచి మూడున్నరకే ఎత్తడం అలవాటు చేసుకుంది.

అంతకుముందు ఏడాది వానలు సరిగ్గా లేవు. ఊరి బావులు అడుగంటాయి. అందుకని నాలుగయ్యేసరికి ఆడవాళ్ళు బిందెలు తెచ్చి బుచ్చమ్మ చూరు కింద వరసగా పెట్టేవాళ్ళు. బర్రెలకోసం పెరట్లో ఒక గుంత తవ్వారు. కరువు లెక్కలు రాసుకోవడానికొచ్చిన రెవెన్యూ గిర్దావరు కూడా ఒకరోజు ఆ చూరు కింద నిలబడి తల తుడుచుకుని, ఊరు మొత్తానికి కరువనీ ఈ ఒక్క ఇంటికీ లేదనీ రాసుకుని వెళ్ళాడు.

సుందరి రోజూ బడినుంచి వచ్చి తడి అరుగుమీద నోటుపుస్తకం తెరిచేది. బుచ్చమ్మా రుక్కమ్మా పక్కన చేరేవాళ్ళు. ఆవిడ ఎంత ఆరాటపడితే మర్నాటి వాన అంత జోరుగా ఉండేదని ఇద్దరూ కనిపెట్టారు.

"ఓడల ఎన్నొద్దులు పోతవ్ పంతులమ్మా?" అని రుక్కమ్మ అడిగేది.

"ఎనిమిది రోజులండి. మద్రాసులో ఎక్కడం. నాకు డెక్కు టికెట్టే. చాప, దుప్పటి మనవే పట్టుకెళ్ళాలట."

"దిగినంక?"

"కనకలక్ష్మి ఇంట్లో ఉంటాను కాబట్టి గది అద్దె లేదు. ట్యాక్సీ ఎక్కను, బస్సే. పూలతోటకి టికెట్టు లేదు. రేవు గట్టున ఎంతసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అడగరు. పక్షుల తోటకి మాత్రం టికెట్టుంది, అదొక్కటీ చూస్తాను. మధ్యాహ్నానికి అటుకులు, పొడులు ఉంటాయి."

"మల్ల ఏం తెస్తవ్?" అంది బుచ్చమ్మ.

"ఏమీ తేనండి. చూసొస్తాను."

బుచ్చమ్మకు అది అంతుపట్టలేదు. ఆమె పుట్టింది గోపనపల్లిలో, ఇచ్చింది నల్లగండ్లలో. కూరగంప ఎత్తుకుని మదీనాగూడ దాకా, ఎప్పుడైనా పటాన్‌చెరు సంతదాకా వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒకటి అమ్మి ఏదో ఒకటి తెచ్చింది.

"ఉత్తగ సూసెతందుకు గంత దూరం పోతరా?" అంది.

సుందరి లేచి వాకిట్లో తిరగడం మొదలుపెట్టింది.

పాస్‌పోర్టు ఏప్రిల్లో చేతికొచ్చింది. ఇంక కావలసింది దేశం దాటడానికి డిపార్టుమెంటు అనుమతి. అది వస్తే మే పదిహేడున ఓడ ఎక్కి, బడి తెరిచేలోగా తిరిగి రావచ్చు. హెడ్మాస్టరు విశ్వేశ్వరరావుగారు సిఫారసు రాసి పంపించారు. "వచ్చేస్తుందమ్మా, ఎక్కడో బల్లమీద ఉండుంటుంది," అనేవారు.

ఉత్తరం మే మొదటివారంలోనే వచ్చింది. పోస్టుమాన్ ఎల్లేశం దాన్ని తెచ్చేసరికి సుందరి పరీక్ష పేపర్లు అప్పజెప్పడానికి బడికి వెళ్ళింది. బుచ్చమ్మ తీసుకుంది. ఆమెకు చదువు రాదు. అయినా కవరుమీది సర్కారు ముద్ర తెలిసింది. దాన్ని పట్టుకుని తోటవైపు చూసింది. ఊరంతా ఎండి బీటలు వారితే, ఆమె మళ్ళలో పాలకూర, గంగవాయిల కూర, బీర తీగ కళకళలాడుతున్నాయి. గుంత దగ్గర రుక్కమ్మ బర్రె నీళ్ళు తాగుతోంది. పంతులమ్మ పోతే వాన పోతుంది.

బుచ్చమ్మ ఆ కవరును జొన్నల గుమ్మి కింద పెట్టింది.

ఆ తర్వాతి రోజుల్లో సుందరికి తిండి సయించలేదు. పొద్దున్నే పోస్టుమానుకి ఎదురెళ్ళేది, మధ్యాహ్నం లింగంపల్లి పోస్టాఫీసుకు నడిచేది. ఎల్లేశం ఎండాకాలపు కురుపులతో సెలవులో ఉన్నాడు, అతని బదులు వచ్చినవాడికి ఏమీ తెలియదు. ఆవిడ నోటుపుస్తకంలో లెక్కలు కొట్టేసి మళ్ళీ మళ్ళీ రాసేది. నాలుగింటి వాన ఆరింటిదాకా కురవసాగింది. బుచ్చమ్మ కూర పెరిగి పక్క ఊళ్ళకు పోయింది. ఆమెకు మాత్రం నిద్ర పట్టేది కాదు.

మే పదిహేడు వచ్చింది, వెళ్ళింది. ఆ సాయంత్రం సుందరి నోటుపుస్తకాన్ని ట్రంకుపెట్టె అడుగున పెట్టింది.

"ఈ ఏటికి లేదు లెండి, బుచ్చమ్మగారూ," అంది. గొంతులో బాధ కూడా లేదు.

మర్నాడు నాలుగైంది. వాన పడలేదు. బిందెలతో వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయారు. రెండో రోజూ పడలేదు. సుందరి అరుగుమీద కూచుని బియ్యం ఏరుతోంది. ఒక్కసారీ లేవలేదు. వాకిట్లో అటూ ఇటూ తిరగలేదు. తొమ్మిదేళ్ళలో ఆ మనిషి అంత కదలకుండా కూచోవడం బుచ్చమ్మ చూడలేదు. తోట వాడిపోవడం కన్నా అది చూడటమే ఆమెవల్ల కాలేదు. మూడోనాడు కవరు తెచ్చి చేటలో పెట్టింది.

"వచ్చి పద్నాలుగు దినాలైంది పంతులమ్మా. నేనే దాచిన."

సుందరి కవరు చింపి చదివింది. రెండోసారి కూడా చదివింది.

"ఎందుకండీ?"

"వాన పోతదని."

"అడిగితే ఉండిపోయేదాన్నేమో కదండీ!"

"అందుకే అడగలె. అడిగితె ఉంటవని తెలుసు. జన్మంత గదే చేస్తివి, తమ్ముండ్లు అడిగితె ఆగినవ్, బడోళ్ళు అడిగితె ఆగినవ్. ఇగ నేను గూడ అడుగుదునా?" బుచ్చమ్మ చెంగుతో ముఖం తుడుచుకుంది. "అడగకుంట దొంగతనం జేసిన. గది ఇంక పెద్ద తప్పాయె."

సుందరి చేట పక్కన పెట్టి లేచింది. వాకిలి ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. "పద్నాలుగు రోజులు! నేను పోస్టాఫీసుకి తిరుగుతుంటే మీరు మజ్జిగిచ్చి పంపించారు!" అని అరిచింది. పదకొండు గంటల మండుటెండలో ఇంటిమీద వాన కుండపోతగా దిగింది. ఇద్దరూ తడుస్తూ నిలబడ్డారు, ఎవరూ లోపలికి పోలేదు.

"మల్ల ఓడ లేదా?" అంది బుచ్చమ్మ చివరికి.

"జూన్లో ఉంది. అప్పటికి బడి తెరుస్తారు. సెలవివ్వరు."

"ఇయ్యకుంటె అడగకు. చెప్పిపో."

సుందరి ఆ మాటకు కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. మర్నాడు విశ్వేశ్వరరావుగారి దగ్గరికెళ్ళి, జీతం లేకుండా నెలన్నర సెలవు కావాలని కాగితం పెట్టింది. ఇవ్వడం కష్టమన్నారాయన. "కష్టమేనండి. జూన్ నాలుగున బయల్దేరుతున్నాను," అంది. ఆయన కళ్ళజోడు తీసి ఆవిడవైపు చూసి, కాగితం తీసుకున్నారు.

జూన్ నాలుగున ఆవిడ చాప, దుప్పటి, ఊరగాయ జాడీతో మద్రాసు రైలెక్కింది. బుచ్చమ్మతో ఎక్కువ మాట్లాడలేదు. రైలు కదిలేటప్పుడు మాత్రం కిటికీలోంచి చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది.

మర్నాడు బిందెలు తీసుకుని ఎవరూ రాలేదు. బుచ్చమ్మ ఒక్కతే అరుగుమీద కూచుంది. ఓడలో ఆడవాళ్ళు ఎక్కడ పడుకుంటారో అనుకుంది. ఎనిమిది రోజులు నీళ్ళే కనిపిస్తే కళ్ళు ఏమవుతాయో అనుకుంది. లేచి నిలబడింది. మళ్ళీ కూచుంది. చెప్పులు వేసుకుని వాకిలిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. నాలుగైంది. వాన పడింది.

"పంతులమ్మ పోలేదా ఏంది?" అంటూ రుక్కమ్మ పరుగున వచ్చింది.

"పోయింది," అంది బుచ్చమ్మ. "గిది నాది."

నాలుగు రోజులు కురిసింది. అయిదోనాడు తెల్లవారి బుచ్చమ్మ కొత్త చీర కట్టుకుని, తోటను రుక్కమ్మకు అప్పజెప్పింది. "రేపటిసంది నీళ్ళు నువ్వే పోసుకోవాలె. బర్రె గుంతల నీళ్ళు ఇంక వారానికి సరిపోతయి."

"యాడికి?"

"మద్రాసుకు."

"పంతులమ్మ ఓడ తిరిగొచ్చెతందుకు ఇంక నెలుంది గదనే! గంతదాంక ఆడ ఏం జేస్తవ్?"

బుచ్చమ్మ గంప కోసం అలవాటుగా చెయ్యి చాపింది. తర్వాత దాన్ని అక్కడే వదిలేసింది.

"ఏం జెయ్య. సూస్త."

వారం తిరిగేసరికి మృగశిర మబ్బులు పట్టి, నల్లగండ్ల అన్ని ఇళ్ళమీదా ఒకేలా వాన పడింది. అప్పటికి బుచ్చమ్మ మద్రాసు సముద్రపు ఒడ్డున, చేపలమ్మే ఒక ముసలామె పక్కన ఇసకలో కాళ్ళు చాపుకుని, భాష రాకపోయినా చేతులతో చూపించి, ఆ నీళ్ళకు అవతల ఏమున్నదో అడుగుతోంది.