ఎగిరే మంచం

ఎముకల ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో పనిచేసేవాళ్ళకి సోమవారమంటే హడలు. ఆదివారం నాడు పిల్లలు ఎక్కడెక్కడి నుంచి పడతారో, మర్నాడు పొద్దున్నే వాళ్ళంతా తల్లుల చంకలెక్కి ఆ గది ముందు బారులు తీరతారు. చెట్టు మీంచి పడ్డవాళ్ళు, సైకిలు మీంచి పడ్డవాళ్ళు, ఏ కారణమూ లేకుండా చదునైన నేల మీద నడుస్తూ నడుస్తూ పడ్డవాళ్ళు. ఏళ్ళ తరబడి ఆ గదిలో పిండికట్టు పట్టీలు చుడుతూ వచ్చిన ఆవిడని ఆసుపత్రిలో అందరూ కట్లమ్మ అనేవారు. హస్తవాసి మంచిదని పేరు. పిల్లలు ఏడుపు లంకించుకునేలోపే కట్టు పూర్తయిపోయేది.

ఆ పనితో వచ్చిన చిక్కేమిటంటే, ఇంటికొచ్చినా కళ్ళకి సెలవుండదు. మెట్లు కనిపిస్తే మడమ గుర్తొస్తుంది, ఊయల కనిపిస్తే మోచెయ్యి గుర్తొస్తుంది. ఆవిడకి ఒక్కగానొక్క కూతురు, ఏడేళ్ళది. నాయనమ్మ ముద్దుగా గువ్వ అని పిలుస్తుంది. పేరుకి గువ్వే గానీ, ఎగరడం మాట దేవుడెరుగు, గడప దాటాలన్నా ఒకసారి వాళ్ళమ్మ ముఖం వంక చూసేది.

ఒక సాయంత్రం కట్లమ్మ భర్త పార్శిళ్ళ బండి దిగి ఇంట్లోకి అడుగుపెడుతుండగానే ఫోన్ మోగింది. వాళ్ళక్క. పిల్లలు పెద్దవాళ్ళయిపోయారట, పెరట్లో ట్రాంపొలిన్ ఊరికే పడి ఉందట. చుట్టూ కట్టిన వలతో సహా చెక్కుచెదరకుండా ఉంది, కావాలంటే ఆదివారం వచ్చి పట్టుకుపొమ్మంది. లేదంటే అడిగేవాళ్ళు వేరే ఉన్నారంది.

"ట్రాం... ఏమిట్రా అదీ?" అంది అత్తగారు.

"గుండ్రంగా ఉంటుందమ్మా. చుట్టూ స్ప్రింగులు, మధ్యలో గట్టి గుడ్డ. పిల్లలు దాని మీద ఎక్కి గెంతుతారు."

"ఎగిరే మంచమన్నమాట."

"మంచమూ వద్దు, కంచమూ వద్దు," అంది కట్లమ్మ, పొయ్యి మీంచి గిన్నె దించుతూ. "మొన్న సోమవారమే ఇద్దరొచ్చారు. అన్నాచెల్లెళ్ళు. అలాంటిదాని మీదే గెంతుతూ ఒకరి మీద ఒకరు పడ్డారట. దానికి మోచెయ్యి, వాడికి గడ్డం."

"మనింట్లో ఉన్నది ఒక్కత్తేగా," అన్నాడు భర్త. "ఎవరి మీద పడుతుంది?"

"బెల్లం ఉన్నచోటికి చీమలు రావా? వీధిలో పిల్లలంతా ఇక్కడే ఉంటారు."

"సైకిలు వద్దన్నావు, సరే అన్నాను. ఈత వద్దన్నావు, దానికీ సరే అన్నాను. ఇక మిగిలింది దాన్ని బీరువాలో పెట్టి తాళం వెయ్యడమే."

"మీకేం, ఎన్నైనా అంటారు. రేపు కట్టు కట్టాల్సింది నేను." అని, తన దగ్గరున్న అసలు బాణం తీసింది. "అయినా పెట్టడానికి చోటేదీ? ఉన్నది గుప్పెడు పెరడు. అత్తయ్య చిక్కుడు పాదు పీకేస్తారా?"

ఇక మాట తెగినట్టే అనుకుంది. అత్తగారికి ఆ పాదంటే ప్రాణం. ఇంట్లోవాళ్ళతో కన్నా దానితోనే ఎక్కువ మాట్లాడుతుంది. కానీ పెద్దావిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మాయ్?" అంది. "పాదు నాది. దాని సంగతి నేను చూసుకుంటా. నీకు వద్దని ఉంటే వద్దను, తప్పులేదు. అంతేగానీ నా చిక్కుళ్ళ చాటున దాక్కోకు."

కట్లమ్మ దించిన గిన్నెనే మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. బల్ల దగ్గర కూర్చుని బొమ్మకి రంగులేస్తున్న గువ్వ మాత్రం తలెత్తలేదు. నీకు కావాలా అని ఆ పిల్లని ఎవరూ అడగనూ లేదు.

మర్నాడు ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూస్తుంటే, కట్లమ్మ ఉండబట్టలేక ట్రాంపొలిన్ సంగతి అడిగింది.

"డాక్టరుగా చెప్పనా, పిల్లల తండ్రిగా చెప్పనా?" అన్నాడాయన.

"రెండూ చెప్పండి సార్."

"డాక్టరుగా అయితే వద్దంటాను. మా ఇంట్లోనూ పెట్టనివ్వలేదు. అయినా మావాడు సోఫా మీంచి దూకి ముందుపళ్ళు రెండూ రాలగొట్టుకున్నాడు."

"మరి తండ్రిగా?"

"అదే కదమ్మా ఇప్పుడు చెప్పింది!"

కట్లమ్మ అందులో తనకి పనికొచ్చే సగం మాత్రం మూటగట్టుకుని ఇంటికెళ్ళింది. డాక్టరుగారు కూడా వద్దన్నారని భర్తకి చెప్పింది. సోఫా ఊసెత్తలేదు.

ఆ వారంలోనే ఒకరోజు డ్యూటీ పెందలాడే అయిపోయింది. సరే, ఇవాళ గువ్వని నేనే తీసుకొస్తానని బడికి వెళ్ళింది. ఇంకా గంట కొట్టలేదు. పిల్లలు ఆటస్థలంలో ఉన్నారు. ఒక పక్క మోకాలెత్తు గోడ, గోడ కింద ఇసక. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు గోడెక్కి ఇసకలోకి దూకుతున్నారు, కేకలు మిన్నుముడుతున్నాయి. గువ్వ గోడ పక్కన నిలబడి ఉంది. ఎక్కబోయిన ప్రతివాళ్ళ చెయ్యీ పట్టుకుంటోంది.

"దూకద్దే! ఎముక పుటుక్కుమంటుంది. అప్పుడు నెలన్నర కదలకుండా కూర్చోవాలి, తెలుసా?"

మాట కట్లమ్మదే. గొంతూ కట్లమ్మదే. చివర్లో చూపుడువేలు ఆడించడం కూడా.

"అబ్బా, ముసలమ్మొచ్చిందిరో!" అని ఒకడు చెయ్యి విదిలించుకుని దూకేశాడు. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. గువ్వ ఏడవలేదు. అలవాటైనట్టు ఒకడుగు పక్కకి జరిగి, తర్వాతివాళ్ళ కోసం చెయ్యి చాచింది.

"మీ అమ్మాయి బంగారమండీ," అంది టీచరు, గేటు తీస్తూ. "ఒక్క దెబ్బ తగిలించుకోదు, ఒక్క ఫిర్యాదు రానివ్వదు."

ఎప్పుడూ ఆ మాటకి పొంగిపోయే కట్లమ్మకి ఆ రోజు అది ముల్లులా గుచ్చుకుంది. దారిలో పాదచారుల వంతెన మెట్లు దిగుతున్నారు. గువ్వ ఒక చెయ్యి గోడకి ఆనించి, రెండు కాళ్ళూ ఒక మెట్టు మీద కుదురుకున్నాకే కింది మెట్టు మీద అడుగేస్తోంది. నడక వచ్చిన కొత్తలో తను నేర్పిన పద్ధతే. ఇన్నేళ్ళలో మానెయ్యమని చెప్పడం మాత్రం మరిచిపోయింది.

"గువ్వా, నీకు దూకాలని లేదూ?"

"ఉంది."

"మరి?"

గువ్వ ఇంకో మెట్టు దిగింది. "నేను కూడా విరిగితే నీకు పనెక్కువైపోతుంది కదమ్మా. సోమవారం అసలే చాలామంది వస్తారు."

కట్లమ్మ ఆ మెట్టు మీదే ఆగిపోయింది. వెనకొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకుని దిగిపోతున్నారు. పిల్ల జుట్టు సవరించింది, బాగానే ఉన్న క్లిప్పు తీసి మళ్ళీ పెట్టింది.

ఇంటికెళ్ళగానే, "వదినకి ఫోన్ చెయ్యండి. ఆదివారం వస్తున్నామని చెప్పండి," అంది భర్తతో.

"డాక్టరుగారు వద్దన్నారన్నావు?"

"అన్నారు. ఇంకా ఏదో కూడా అన్నారు. మీరు ముందు ఫోన్ చెయ్యండి."

ఆదివారం పొద్దున లేచేసరికి పెరట్లో చిక్కుడు పాదు లేదు. పెద్దావిడ పందిరి కర్రలు కట్టగట్టి గోడవారన పెట్టి, పారతో నేల చదును చేస్తోంది. "కాపు ఎలాగూ అయిపోయిందిలే," అంది కోడలి వంక చూడకుండా. పీకి పడేసిన తీగల నిండా ఇంకా ఊదారంగు పూలున్నాయి. కట్లమ్మ చూసింది. వెళ్ళి ఆవిడ చేతిలో పార అందుకుంది.

మధ్యాహ్నానికి బండి మీద ఎగిరే మంచం వచ్చింది. కట్లమ్మ ప్రతి స్ప్రింగునీ లాగి చూసింది, వలనంతా వేళ్ళతో తడిమింది. కాళ్ళు నేల మీద సమంగా ఆనాయో లేదోనని వంగి వంగి చూసింది. ఒక్కసారికి ఒక్కరే ఎక్కాలనీ, పల్టీలు కొట్టకూడదనీ, పెద్దవాళ్ళు లేకుండా అటు తొంగి కూడా చూడకూడదనీ అందరికీ వినపడేలా చెప్పింది. భర్త గువ్వకి నిచ్చెన చూపించాడు.

గువ్వ ఎక్కలేదు.

వాళ్ళ నాన్న బతిమాలాడు. నాయనమ్మ ఆశపెట్టింది. ఊహూఁ. వల పట్టుకుని నిలబడి, "మీరెవరైనా ఎక్కండి, నేను చూస్తా," అంది. ఆ చూడడంలో ఎంత కోరిక ఉందో, అంత బెదురూ ఉంది.

కట్లమ్మ చెప్పులు విడిచింది. చేతి గడియారం తీసి భర్తకిచ్చి, నిచ్చెనెక్కింది. కాలు పెట్టగానే గుడ్డ కిందికి కుంగింది. మోకాళ్ళు, మణికట్లు, మెడ, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. కళ్ళు మూసుకుని ఒకసారి గెంతింది, పిట్ట గెంతినంత. మళ్ళీ గెంతింది. మూడోసారి మంచమే ఆవిణ్ణి పట్టి పైకి విసిరింది. "అమ్మో!" అని అరవబోతే, నోట్లోంచి నవ్వొచ్చింది. ఎప్పుడో చిన్నప్పటి నవ్వు, ముక్కుతో గురక పెట్టినట్టు. భర్త అలాంటి నవ్వుంటుందని కూడా ఎరగడు.

"చూసుకోవే తల్లీ, నా పెరట్లో భూకంపం తెప్పించేలా ఉన్నావు!" అంది అత్తగారు.

"అమ్మా!" గువ్వ వల కుదిపేస్తోంది. "ఒక్కసారికి ఒక్కళ్ళే అన్నావుగా! నువ్వు దిగు! నా వంతు!"

తర్వాత అంతా సాఫీగా జరిగిపోయిందని చెప్పడానికి లేదు. నెల తిరక్కముందే గువ్వ నిచ్చెన దిగే తొందరలో పట్టుతప్పి కాలు మడతేసుకుంది. విరగలేదు, బెణికింది. ఊరందరికీ కట్టు కట్టే కట్లమ్మకి ఆ రోజు కట్టు కుదరలేదు. చుట్టిన పట్టీ విప్పి మళ్ళీ చుట్టాల్సొచ్చింది. పెద్దావిడైతే ఇంటి కప్పెగిరేలా ఏడ్చింది. "చాలు తల్లీ ఈ మాయదారి మంచం! ఇవాళే పీకించెయ్యి. నా చిక్కుళ్ళు నేను వేసుకుంటా."

"ఉండనివ్వండి అత్తయ్యా," అంది కట్లమ్మ, పిల్ల పాదం ఒళ్ళోనే పెట్టుకుని. "ముందు వాపు తగ్గనివ్వండి." ఆ రాత్రి అన్నం మాత్రం సయించలేదు.

వాపు తగ్గింది. కుంటు పోయింది. ఒక సాయంత్రం గువ్వ తనంతట తానే వచ్చి, ఎక్కనా అని అడిగింది. కట్లమ్మ ఆ పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నొప్పి లేదని రూఢి చేసుకుని, సరేనంది. వల పక్కనే నిలబడింది. పిల్ల పైకి లేచినప్పుడల్లా ఆవిడ గుండె దానితోపాటే లేచేది.

"అమ్మా! పక్కింటి పెరడు కనిపిస్తోంది!"

"ఏముందే అక్కడ?"

"బట్టలు!" కిందికొచ్చి మళ్ళీ లేచింది. "కుక్క!" ఇంకోసారి లేచింది. "తాతయ్యగారు! పళ్ళు తోముకుంటున్నారు!"

"ఈ వేళప్పుడు పళ్ళు తోమడమేమిటే?" అంది నాయనమ్మ కుర్చీలోంచి.

"ఉండు, మళ్ళీ చూసి చెప్తా!" అని గువ్వ ఇంకా పైకి లేచింది.