గేదెకు పోసిన గంజి

తలుపులమ్మ నోటికి జడిసి వీధికుక్కలే పక్కసందులోంచి పోతాయి. అలాంటి మనిషి, తమ్ముడు జగ్గన్నకు కడుపులో క్యాన్సరని తెలియగానే ఎలమంచిలి నుంచి మూటతో దిగి వంటగదిని పట్టేసుకుంది. జగ్గన్న పెళ్లాం మోదకొండమ్మ తన పొయ్యి దగ్గరే పరాయిదైపోయింది.

ఇక పథ్యం మొదలు. పప్పు వాతం, గుడ్డు వేడి, చేప నీచు. బియ్యాన్ని నీళ్లు తేరేదాకా కడిగి, వండి, గంజి వార్చి గేదెకు పోసేది. మిగిలిన మెతుకుల్లో బెల్లం నీళ్లు కలిపి తమ్ముడికి పెట్టేది. మందుల దెబ్బకు అందులోనూ సగం వాంతైపోయేది. పూడిమడక చేప తెచ్చి పులుసు పెడతానని కొండమ్మ అంటే గరిటె ఎత్తేది.

కొన్నాళ్లకు జగ్గన్న కళ్లు అటూ ఇటూ కొట్టుకోసాగాయి. అడుగు తూలేది. ఇంట్లో కూర్చుని, బెల్లం మార్కెట్లో ఉన్నాననుకుని దిమ్మలెత్తమని కేకలేసేవాడు. ఒక పొద్దుట పెళ్లాన్ని చూసి, "ఎవర్తివే నువ్వు? మా ఇంట్లో ఏటి పని?" అన్నాడు.

తలుపులమ్మకు అంతే చాలు. వీధి మధ్యకెళ్లి గుండెలు బాదుకుంది. "ఇది సిల్లంగి ఎట్టిందర్రా! నా తమ్ముడి మతి తినేసింది!"

చేతబడి చేసిందన్న పేరు పడ్డ ఆడదాని బిందె పక్కన బోరింగు దగ్గర ఇంకో బిందె పెట్టరు. అప్పుడే ఎదురింటావిడ పిల్లల్ని లోపలికి లాక్కుంది. గొలుగొండ నుంచి భూతవైద్యుణ్ణి రప్పిస్తానంది ఆడబిడ్డ. కొండమ్మ ఒళ్లు మండిపోయి, మొగుణ్ణి ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. తలుపులమ్మ తిడుతూనే పక్కన ఎక్కింది.

రోగం తలకెక్కిందేమోనని స్కానింగ్ తీశారు. తలలో ఏమీ లేదు. "ఏం తింటున్నాడు?" అని అడిగింది డాక్టరమ్మ. తలుపులమ్మ గర్వంగా పథ్యమంతా ఏకరువు పెట్టి, మతి తిన్నది మాత్రం కొండమ్మ సిల్లంగేనంది.

"మరి గంజి?"

"గేదెకి."

"బలమంతా గేదెకే పోయిందన్నమాట. ఈయన ఒంట్లో బి వన్ విటమిన్ అడుగంటింది. అది లేకపోతే మతి ఇలాగే తప్పుతుంది. ఎవరూ ఏ సిల్లంగీ పెట్టక్కర్లేదు."

ఇంజెక్షన్లు పడ్డాక కళ్లు నిలిచాయి. రోగం అలాగే ఉంది, మనిషి మాత్రం తిరిగొచ్చాడు. "కొండా, సేపల పులుసు ఎట్టవే," అన్నాడు. కొండమ్మ ఆసుపత్రని కూడా చూడకుండా భోరుమంది.

ఇంటికొచ్చాక తలుపులమ్మ గడప దాటబోతే కొండమ్మ అడ్డం నిలబడింది.

"ఈదిలో అన్నావు వదినా. ఈదిలోనే దిద్దు."

"పత్తెం నాను కావాలని సేసేనేటే? ఆడు నా తమ్ముడు కాడా?"

"పత్తెం కావాలని సెయ్యలేదు. నన్ను సిల్లంగి అని మాత్రం కావాలనే అన్నావు."

చుట్టుపక్కల తలుపులు తెరుచుకున్నాయి. తలుపులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "తప్పు నాదే, దీనిది కాదు," అని గొణిగింది.

"ఇనపళ్లేదు వదినా," అంది కొండమ్మ. "ఆ రోజు గొంతుతో సెప్పు."