ఏడవవద్దన్న మాట

మా ఆయన జకర్యాకు గ్రీకు పిచ్చి. బజారుకు పంపితే ఉప్పు మరిచిపోయి వచ్చేవాడు గానీ, బైబిలు కాలేజీలో నేర్చుకున్న గ్రీకు మాట ఒక్కటీ మరిచిపోలేదు. మధిర వదిలి, చర్ల దారిలో ఉన్న ఈ చిన్న సంఘానికి పాస్టరుగా వచ్చాక కూడా అదే వరస. ఎదురుగా చాపల మీద కూర్చునేదేమో అడవిలో వెదురు కొట్టేవాళ్లు, మిరపతోటల్లో కూలికి పోయేవాళ్లు. "వాళ్లకు గ్రీకు ఎందుకండీ, చద్దన్నంలోకి నంజుకోవడానికా?" అని నేను దెప్పితే, "మూలంలో ఏముందో చెప్పకపోతే ఇంక నేనెందుకు మరియా?" అనేవాడు.

ఎనభై మూడులో, వానలు మొదలైన కొత్తలో, ఒక ఆదివారం నాయీను ఊరి విధవరాలి కథ ఎత్తుకున్నాడు. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడు చనిపోతే పాడె మీద మోసుకుపోతుంటారు. ప్రభువు ఎదురొచ్చి ఆ తల్లిని చూస్తాడు.

"ఆయన కనికరపడ్డాడని మన తెలుగులో ఉంది," అన్నాడు మా ఆయన. "గ్రీకులో ఉన్న మాట స్ప్లాంక్నిజోమై. పేగులు అనే మాటలోంచి పుట్టిందది. అయ్యో పాపం అనుకుని పక్కకు పోవడం కాదు. ఆమెను చూడగానే ఆయన కడుపు తరుక్కుపోయింది. ఇంకో సంగతి చూడండి. కుష్ఠురోగి దగ్గర, గుడ్డివాళ్ల దగ్గర, ఆకలితో ఉన్న జనం దగ్గర, ఈ మాట వచ్చిన చోటల్లా ఆయన చెయ్యి ఊరికే ఉండదు. ఇక్కడ కూడా ఏడవవద్దన్నాడు, పాడె ముట్టుకున్నాడు, కుర్రవాణ్ణి లేపాడు."

అందరికంటే శ్రద్ధగా విన్నది సంపూర్ణ. ఆమె కూడా భర్త పోయిన మనిషే. ఆమెకూ ఒక్కడే కొడుకు, ఏలీయా. సారపాక కాగితం మిల్లుకు పోయే వెదురు లారీలకు లోడు ఎత్తేవాడు. ఆరాధన అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి, "అమ్మగారూ, ఏడ్వొద్దనంగనే ఆ పిలగాడు లేచి కూసున్నడా?" అని అడిగింది.

"లేచి మాట్లాడాడు కూడా," అన్నాను.

"గట్లుండాలె," అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

ఆ వానల్లోనే ఏలీయాకు జ్వరం వచ్చి తలకెక్కింది. రోడ్డు తెగి ఉంది. భద్రాచలం దవాఖానాకు చేర్చేసరికే పిల్లవాడు మనిషిని గుర్తుపట్టే స్థితిలో లేడు. మర్నాడు పొద్దున, రోడ్డు మీద నీళ్లు తగ్గాక, వెదురు లారీలోనే శవాన్ని తెచ్చి వాకిట్లో దించారు.

మా సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. చావింట్లో శోకాలు పెట్టకూడదు, పాటలే పాడాలి. చనిపోయినవాళ్లు తిరిగి లేస్తారని నమ్మేవాళ్లం గొంతెత్తి ఏడిస్తే ఊళ్లో చులకనైపోతామని సంఘపెద్ద పగిడయ్య వాదన. ఆ కట్టుబాటంటే మొదటినుంచీ నాకు ఒళ్లు మంట. మా ఆయన మాత్రం, కొత్తగా వచ్చాం, పెద్దమనిషిని ఎందుకు నొప్పించడమని ఊరుకునేవాడు.

సంపూర్ణ పుట్టింటి పద్ధతి వేరు. తల్లి బిడ్డను పేరు పెట్టి పిలిచి, పుట్టిన నాటి నుంచి ఒక్కొక్క ముచ్చటా చెప్పుకుంటూ ఏడవాలి. మట్టి పడేదాకా పోయినవాడు వింటూనే ఉంటాడని వాళ్ల నమ్మకం. అందుకే ఆమె అక్క ఆదెమ్మ వచ్చీ రాగానే చెల్లెలి మెడ పట్టుకుంది. "ఓ కొడకా, ఏలీయా," అని సంపూర్ణ రాగం ఎత్తింది.

"వద్దు సంపూర్ణా," అన్నాడు పగిడయ్య. "మనం గిట్ల ఏడ్వొద్దని ఎన్నిసార్లు చెప్పిన? ఆదెమ్మా, నువ్వు జర పక్కకు రా."

సంపూర్ణ ఆగలేదు. పగిడయ్య మా ఆయన వైపు చూశాడు. నేనూ చూశాను, ఏడవనివ్వండి అంటాడేమోనని. మా ఆయన ముందుకు వెళ్లి, మూత తీసి ఉన్న శవపెట్టె మీద చెయ్యి వేసి, "ఏడవవద్దమ్మా," అన్నాడు.

సంపూర్ణ ఠక్కున ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుని, పెట్టె దగ్గరికి జరిగి కూర్చుంది. "సూసిండ్రా, ఎంత విశ్వాసమో," అన్నాడు పగిడయ్య. సమాధుల దొడ్డిలో కూడా ఆమె కంట చుక్క రాలలేదు, కొడుకు మొహం మీంచి చూపు తిప్పలేదు. మూత వేయబోతున్న మనిషి చెయ్యి మాత్రం పట్టుకుని, "జర ఆగుండ్రి," అన్నది. ఆగారు. పాటలో ఇంకో చరణం పాడారు. తర్వాత మూత వేసి మేకులు కొట్టారు.

ఆ తర్వాత ఆమె తినలేదు, ఏడవలేదు. గోడకు ఆనుకుని అలాగే కూర్చునేది. "ఆ ప్రభువు కొడుకును తిరిగి ఇవ్వగలడు గనక ఏడవవద్దన్నాడు. మీరేం ఇవ్వగలరని అన్నారు?" అని నేను మా ఆయన్ని అడిగేశాను. ఆయన అన్నం ముందు నుంచి లేచి చెప్పులు వేసుకున్నాడు. నేనూ వెంట వెళ్లాను.

"సంపూర్ణమ్మా, నేను అన్నది తప్పు," అన్నాడు ఆమె వాకిట్లో నిలబడి. "నీ మనసు తీరా ఏడువు. ఎవరేమన్నా నేను చూసుకుంటా."

"ఎట్ల ఏడ్వాలె అయ్యగారూ? ఏడ్వొద్దని మీరే అంటిరి. పెట్టె మీద చెయ్యి గూడ పెడితిరి. ఆ ఊర్లె ప్రభువు గట్లనే అన్నంక పిలగాడు లేచిండు గదా. మావోడు గూడ లేస్తడని నోరు మూస్కొని సూస్కుంట కూసున్న. మట్టి పడ్డంక తెలిసింది, లేవడని. ఇగ ఇప్పుడు ఏడిస్తే వాడు వినడు."

మా ఆయన రెండు చేతులతో కడుపు పట్టుకుని ఆ వాకిట్లోనే కూలబడ్డాడు. సంఘం, కట్టుబాటు అన్నీ మరిచి గొంతెత్తి ఏడ్చాడు. సంపూర్ణ గోడ దగ్గరి నుంచి లేచి వచ్చి, ఆయన పక్కన కూర్చుని, కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"ఊకో బిడ్డా, ఊకో," అన్నది. ఆమె కళ్లలో మాత్రం తడి లేదు.