సిల్వియా భుజం

"భుజం ఎలా ఉందమ్మా?" అని గేటు దగ్గరే అడిగింది పొరుగింటి యేసమ్మ, చేతిలో నొప్పుల నూనె సీసాతో.

సిల్వియా భుజం నిక్షేపంలా ఉంది. జబ్బు ఎడమ రొమ్ముకి. కానీ గుండుగొలనులో ఇళ్లల్లో పెట్టుకునే ప్రార్థన కూడికలో, అంతమంది ఆడవాళ్ల ముందు, అందులోనూ పాస్టరమ్మగారి ముందు ఆ మాట ఎలా అనడం? అందుకని అత్తగారు పుష్పమ్మ "మా కోడలికి భుజం నొప్పండీ, ప్రార్థన చెయ్యండి" అని ఊరుకుంది. ఆ పుణ్యమా అని పేటలో సగం మంది సిల్వియా భుజం కోసం ఉపవాసాలున్నారు. కిటికీ నిండా నూనె సీసాలే! నవ్వాలో ఏడవాలో తెలియక అందరికీ థాంక్సండీ అని చెబుతూ, ఉంగుటూరు బడిలో పాఠాలు చెప్పి రాగానే తడిసిన గుడ్డ మార్చుకుని, అంట్లు తోమి, మరకలు పడ్డ జాకెట్లు ఉతికి, భర్త జీవన్ చొక్కాల వెనకాల ఎవరికీ కనపడకుండా ఆరేసుకునేది.

మొదట ఎర్రగా వాచిన గడ్డ. చీము గడ్డనుకుని ఒక డాక్టరు రెండుసార్లు కోశాడు. కోసిన ప్రతిసారీ పక్కనే ఇంకో పుండు లేచింది. చివరికి ఏలూరులో ఓ డాక్టరమ్మ సూదితో చిన్న ముక్క తీయించి పరీక్షకి పంపింది. "క్యాన్సర్ కాదమ్మా, టీబీ కాదు. అరుదుగా వచ్చే వాపు. రోగాలు రాకుండా ఒంట్లో కాపలా కాయాల్సిన కణాలే పొరపాటున మీ మీద పడ్డాయి. ఇంక కత్తి పెట్టనివ్వకండి. మాత్రలతో తగ్గుతుంది, కాకపోతే నెలలు పడుతుంది" అంది. బస్టాండులో కూర్చుని సిల్వియా సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

మాత్రలకి మొహం పూరీలా ఉబ్బింది. వాపు తగ్గుతోంది, ఒక్క పుండు మాత్రం ఇంకా కారుతోంది. ఒక శనివారం మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ జీవన్ అన్నాడు, ఎంతో ప్రేమగానే అన్నాడు: "ఎందుకు సిల్వీ ఈ బాధ? తీయించేద్దాం. చిన్నది కూడా బళ్లో చేరింది కదా, ఇంక దాంతో పనేముంది? విజయవాడలో మాట్లాడేశాను. సోమవారం వెళదాం."

పనేముందట! పోనీ చెడ్డవాడా అంటే కాదు. రోజూ పొద్దున్నే కట్టు కట్టేది ఆయనే. తిట్టే మొగుడైతే ఎదురు తిట్టొచ్చు, కళ్లల్లో నీళ్లు పెట్టుకుని కట్టు కట్టేవాణ్ణి ఏమనాలి? పెళ్లయిన కొత్తలో అది ఆయనది. తర్వాత పిల్లలది. వాళ్ల అవసరం తీరిపోయాక ఎవరిదీ కాదన్నమాట. అది నాదని ఈ ఇంట్లో ఎవరికీ తోచలేదెందుకు? నాకు మాత్రం తోచిందా ఇన్నాళ్లూ? నొప్పి ఒక్కటే నాదా?

సాయంత్రం కూడిక వాళ్లింట్లోనే. పాట అయిపోయింది. జీవన్ టీ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చాడు.

"సిల్వియా భుజం కోసం మరొక్కసారి..." అని మొదలుపెట్టింది పాస్టరమ్మగారు.

"భుజం కాదండీ." సిల్వియా లేచి నిలబడింది. "రొమ్మండీ. ఎడమ రొమ్ము. క్యాన్సర్ కాదు, వాపు. మందులకి తగ్గుతోంది. తీయించేద్దామంటున్నారు మా ఆయన. నేను తీయించుకోనండీ."

జీవన్ టీ పళ్లెం గుమ్మంలోనే కింద పెట్టేశాడు. అత్తగారి మొహం చూడటానికి సిల్వియాకి ధైర్యం చాలలేదు.

పుష్పమ్మ కొంగు తలమీదకి లాక్కుని మోకాళ్ల మీద కూర్చుంది. ఆవిడ ప్రార్థన వీధి చివరిదాకా వినపడుతుంది, ఆ రోజూ వినపడింది.

"తండ్రీ, సిగ్గుపడి నీ దగ్గర కూడా దాచాను. రొమ్మయ్యా, నా కోడలి రొమ్ము. దానిది దానికి ఉంచు. మందు బాగా పనిచేసేలా చూడు, అదొక్కటే నీ పని. మా జీవన్ సంగతి నేను చూసుకుంటాను. ఆమెన్."