ఆఖరి గడి

“అది జలుబు కాదు, దుమ్ము పడలేదంతే,” అని అత్తగారు మూడోసారి తేల్చేశారు.

“పొద్దున్నుంచి అమ్మకి ముక్కు కారుతూనే ఉంది నానమ్మా!” అంది కూతురు.

“తుడుచుకుంటే పోయేదాన్ని పుస్తకంలోకి ఎక్కించడం దేనికట?” అన్నాడు భర్త, పేపరు మడిచి. “అసలు వాళ్ళు పొడిచింది ఉప్పునీళ్ళేనేమో. ఉప్పునీళ్ళకి ఇంత రాతకోతలా?”

వాదన తన ముక్కు గురించే అయినా ఆమెనెవరూ అడగలేదు. ఆ ఆదివారం పొద్దున కూడా ఆమె గిన్నెలు తోముతోంది.

ఐదు నెలల కిందట, ఆమె గుమాస్తాగా పనిచేసే బడికి ఆసుపత్రివాళ్ళు వచ్చారు. పిల్లలకి తట్టు రాకుండా వేసే పాత టీకా పెద్దవాళ్ళకి వేస్తే, తట్టుతో ఏ సంబంధమూ లేని దగ్గుల్నీ జ్వరాల్నీ కూడా ఆపుతుందేమో చూడాలట. సగంమందికి టీకా, సగంమందికి ఉప్పునీళ్ళు. ఎవరికేది పడిందో సూది వేసిన నర్సుకీ తెలియదు. రోజూ ఒక పుస్తకంలో ఒంటి సంగతి రాయాలి. జ్వరం ఎంత, దగ్గుందా, ఆఖరి గడిలో ‘జబ్బు వల్ల రోజువారీ పని ఆగిందా?’ ఒంట్లో ఎలా ఉందని రోజూ అడిగేది ఒకటుందన్న ముచ్చటతోనే ఆమె సంతకం పెట్టింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

నిన్న నర్సు బడికొచ్చి ఆ పుస్తకం తిరగేసింది. “అక్కా, పోయిన నెల మూడు రోజులు నూట రెండు జ్వరం. పని ఆగిందా అంటే ‘లేదు’ అని రాశారు. నిజమేనా?”

“నిజమే. ఏ పనీ ఆగలేదు.”

“నూట రెండుతో ఎలా చేశారు?”

“చేతుల్తోనే.”

నర్సు నవ్వింది గానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. “ఏం రాయాలో నేను చెప్పకూడదు. కానీ పని ఆగితేనే మా లెక్కలో అది పెద్ద జబ్బు. మగవాళ్ళ పుస్తకాల్లో రెండు తుమ్ములకే పని ఆగిపోతోంది. ఆడవాళ్ళ పుస్తకాల్లో ఎక్కడ చూసినా ‘లేదు’. ఇవి చదివినవాళ్ళు, ఉప్పునీళ్ళు పడినా ఆడవాళ్ళకి జబ్బే చెయ్యదనుకుంటారు.”

ఆ మాట నిన్నటి నుంచీ ఆమెతోనే తిరుగుతోంది. తను అబద్ధం రాయలేదు. పని ఆగలేదు, నిజం. ఆగనిచ్చిందెవరు? భర్తకి గొంతు గరగరలాడితే ఇల్లంతా మునివేళ్ళ మీద నడుస్తుంది. తనకి వస్తే, “కాస్త వేడినీళ్ళు తాగు,” అని వంటింట్లోకే చెప్పి పంపుతారు. కాపురానికొచ్చిన కొత్తలో, జ్వరంతోనే ఇంటిల్లిపాది బట్టలూ ఉతికిన రోజు, “మా కోడలిది ఉక్కు శరీరం,” అని మామగారు చుట్టాల ముందు మెచ్చుకున్నారు. ఎంత పొంగిపోయిందని! ఆ ఒక్క మెచ్చుకోలు మీద ఇరవై రెండేళ్ళు లాక్కొచ్చింది. రాసిన చెయ్యి తనదే గానీ, ఆ ‘లేదు’ మాత్రం ఇంటిది. తను చక్కగా కొట్టివేతలు లేకుండా రాసిన పుస్తకం ఎక్కడో ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళ జబ్బుల్ని కూడా కొట్టిపారేస్తోందన్నమాట.

ఆమె చేతులు కడుక్కుని, థర్మామీటరు నాలుక కింద పెట్టుకుంది. వెనక వాదన ఎలర్జీ దాకా వచ్చింది. నూట ఒకటి. ఎందుకో ఆమెకి నవ్వొచ్చింది. బల్ల దగ్గర నిలబడే ఆఖరి గడితో సహా గడులన్నీ నింపి, పుస్తకం మూసి, ఫోన్లో బడికి ఒక మెసేజ్ పెట్టింది.

“గిన్నెలు సగంలో వదిలేశావేంటి?” అన్నాడు భర్త.

“వాటికి జ్వరం లేదు. ఆగుతాయి.”

కూతురు కిసుక్కున నవ్వింది. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని కోడలి మొహంలోకి, ఆ పొద్దుటికి మొదటిసారి, పరకాయించి చూశారు. “కళ్ళు ఎర్రగానే ఉన్నాయే,” అన్నారు నెమ్మదిగా.

“ఉన్నాయి అత్తయ్యా. తగ్గేదాకా పడుకుంటాను.” గొంతు పెంచలేదు, కోపమూ లేదు, ఒళ్ళంతా నొప్పులున్నా మనసు దూదిపింజలా ఉంది. గది గుమ్మం దగ్గర ఆగి ముగ్గురి వైపూ చూసింది.

“రేపటి నుంచి మూడు రోజులు రానని బడికి చెప్పాను. ఇప్పుడు ఇంటికి కూడా చెబుతున్నాను.”