ప్రమాదం లేని రోజులు

మా ఇంటి తలుపు తీయగానే ఎదురుగా ఒక తెల్లబోర్డు ఉంటుంది. పైన "ఈ ఇంట్లో ప్రమాదం లేని రోజులు" అని రాసి, కింద ఇంత పెద్ద అంకె. మా ఆయన రోజూ పొద్దున్నే పళ్ళు తోముకున్న వెంటనే ఆ అంకె తుడిచి, ఒకటి కలిపి మళ్ళీ రాస్తారు. ఆయన రంగుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. అక్కడి గేటు దగ్గరా ఇలాంటి బోర్డే ఉంది. అక్కడ ఎవరి వేలు తెగినా అంకె సున్నాకి పోతుంది. ఇక్కడ నా వేలు తెగితే "ఇది చిన్న గాయం, లెక్కలోకి రాదు" అంటారు. పోయినేడు బాత్‌రూములో జారిపడి మూడు రోజులు కుంటుతూ తిరిగాను. "చెప్పులు నీవి, పొరపాటు నీది" అన్నారు. అంకె మాత్రం చెక్కుచెదరలేదు.

బోర్డు ఒక్కటే అయితే సర్దుకుపోయేదాన్ని. ఇల్లంతా కాగితాలే. బాత్‌రూము తలుపు మీద "తడి నేల, నెమ్మది". కిటికీ పక్కన "బయటికి వంగవద్దు". ఇక వంటగదిలో గోడ ఏ రంగో నేను మర్చిపోయాను. ఇవన్నీ ముఖ్యంగా మా అత్తగారి కోసం. నేను పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తాను, తొమ్మిదింటికి బయలుదేరితే సాయంత్రం ఆరు దాటాకే రాక. పగలంతా ఇంట్లో ఉండేదీ, వండేదీ అత్తయ్యే.

కొత్త కాగితం అంటించినప్పుడల్లా ఆయన అడుగుతారు.

"అమ్మా, చదివావా?"

"చదివాన్రా."

"ఏం రాశాను?"

"జాగ్రత్త అని."

ఆయన సంతోషంగా వెళ్ళిపోతారు. అత్తయ్య తప్పు చెప్పిందీ లేదు. ఆయన రాసినవాటిలో అంతకు మించి ఏమీ ఉండదు.

ఇలా ఉండగా ఆయన కన్ను గ్యాస్ పొయ్యి మీద పడింది. ఫ్యాక్టరీలో ఏదో సమావేశానికి వెళ్ళొచ్చి, చొక్కా కూడా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడ్డారు. "ఇన్నాళ్ళూ మనం ఇంట్లో మంట పెట్టుకుని బతుకుతున్నాం" అన్నారు, అప్పుడే ఎవరో ఆ రహస్యం చెవిలో చెప్పినట్టు. వారం తిరక్కుండా ఇండక్షన్ పొయ్యి వచ్చింది. నల్లటి గాజు పలక, చూడ్డానికి టీవీని పడుకోబెట్టినట్టు ఉంది. దాంతో పాటు, గాజు మీద మరకలు గీకడానికి ఒక చిన్న బ్లేడు. ఆయనకి పొయ్యి కన్నా ఆ బ్లేడే ఎక్కువ నచ్చింది.

తర్వాత గిన్నెలకి పరీక్ష. ఫ్రిజ్ మీది అయస్కాంతం పట్టుకుని హాల్లో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. గిన్నెలన్నీ వరసలో పెట్టించారు. అయస్కాంతం అంటుకుంటే పాస్, అంటుకోకపోతే ఫెయిల్. ఇనుప మూకుడు పాసయింది. స్టీలు గిన్నెల్లో సగం ఫెయిలయ్యాయి. అత్తయ్య ముప్పయ్యేళ్ళుగా అన్నం వండుతున్న సత్తు గిన్నె దగ్గరికి వచ్చేసరికి అయస్కాంతం జారి కింద పడింది. ఆయన ఫెయిలని ప్రకటించి దాన్ని అట్టపెట్టెలో వేశారు. అత్తయ్య పెట్టెలో చెయ్యి పెట్టి, ఆ గిన్నె సొట్ట పడిన అంచు ఒకసారి తడిమి లేచి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మొదలైంది అసలు కథ. నా పెళ్ళయి పదకొండేళ్ళయింది, ఆవిడ చేతిలో ఒక్క గింజ మాడగా చూడలేదు. అలాంటిది మొదటిరోజే అన్నం అడుగంటింది. రెండోరోజు పాలు పొంగి గాజంతా పాకాయి. మూడోరోజు పప్పు పలుకు విరగలేదు, ఎందుకంటే పొయ్యి వెలగనే లేదు. ఆవిడ గంటసేపు చల్లటి పప్పు ముందు నిలబడిందట. నాలుగోరోజు కూర గురించి నేను చెప్పను, తిన్నదాన్ని కాబట్టి.

మా ఆయన దీని మీద విచారణ జరిపారు. నాలుగు ఘటనలు, వాటికి పట్టిక, చివర్లో "కారణం: మనిషి పొరపాటు". ఆదివారం భోజనాలయ్యాక తీర్పు చెప్పారు.

"అమ్మా, నీకు వయసు మీద పడింది. ఎనిమిది సూచనలు రాసి పొయ్యి పైన అంటించాను. నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ ఇలాగే ఉంటే ఇక వంట మానేసి కూర్చో. మెస్ నుంచి క్యారేజీ తెప్పిస్తాను."

అత్తయ్య "సరే నాన్నా" అంది. ఆ రెండు మాటలూ ఎంత సన్నగా అందంటే, పక్కనే ఉన్న నాకే సరిగా వినపడలేదు.

సోమవారం పొద్దున డబ్బా తీసుకోవడానికి వంటగదిలోకి వెళ్ళాను. అత్తయ్య పొయ్యి ముందు నిలబడి, రెండు చేతుల వేళ్ళతో గాజు పలకని తడుముతోంది, దుప్పటి మీద పడిపోయిన సూదిని వెతుకుతున్నట్టు. వేలు తగిలిన చోటల్లా పొయ్యి కుయ్ మంటోంది. ప్రతి కుయ్‌కీ ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి తీసేస్తోంది. నేను ఎదురుగానే నిలబడ్డాను. నన్ను చూడలేదు.

"అత్తయ్యా," అన్నాను, "గోడ మీది కాగితంలో మొదటి మాట ఏమిటి?"

"జాగ్రత్త."

"కాదు. 'గిన్నె' అని ఉంది."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, "తలుపు వెయ్యవే" అంది.

రెండేళ్ళయిందట. ఎదురుగా ఏది చూసినా మధ్యలో పొగ కమ్మినట్టు ఉంటుందట, పక్కల నుంచి మాత్రం నీడలు తెలుస్తాయట. కింద వాటాలో ఉండే నర్సుతో వెళ్ళి చూపించుకుంది కూడా. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలిస్తే అదే పదివేలు అన్నాడట డాక్టరు.

"మరి ఇన్నాళ్ళూ ఎలా వండారు?"

"చెవులున్నాయిగా. మంట చప్పుడు వినిపించేది, సెగ చేతికి తగిలేది. నాబ్ ఎంత తిప్పానో వేలికి తెలిసేది. ఇదేమో నున్నటి అద్దం. మూగది. దీనికి నేనంటే లెక్కే లేదు."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెబితే? మీ ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ కుర్చీకి కూడా ఓ కాగితం అంటిస్తాడు. ఈ గది ఒక్కటేనే నాకు మిగిలింది. ఇందులో ఏది ఎక్కడుందో నా చేతులకి తెలుసు. ఇది కూడా లాక్కుంటే పొద్దస్తమానం ఏం చెయ్యను, చెప్పు? నీ మొహం చూసి రెండేళ్ళయింది. లావయ్యావని మాత్రం మెట్లెక్కి వచ్చినప్పుడు ఆయాసాన్ని బట్టి తెలుసు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సిగ్గు కూడా వేసింది, ఆ సంగతి ఎందుకు దాచాలి. రెండేళ్ళుగా ఆవిడ పేపరు ముట్టుకోలేదు. సూదిలో దారం నన్నే ఎక్కించమంటోంది. టీవీలో ఎవరొచ్చారని అడుగుతోంది. అవన్నీ కనబడుతూనే ఉన్నాయి నాకు. కానీ ఇంటికొచ్చేసరికి వేడి అన్నం సిద్ధంగా ఉండేది, అంతకు మించి తొంగి చూడాలని నాకు ఎప్పుడూ తోచలేదు. కాగితాలు అంటించే మనిషిని ఎగతాళి చేస్తూ కూర్చున్నదాన్ని, నేను మాత్రం ఏం చూశాను?

ఆ రోజు క్లినిక్‌కి సెలవు పెట్టాను. నా దగ్గర రంగులేని నెయిల్ పాలిష్ సీసా ఉంది. వెలిగించే మీట పక్కన ఒక చుక్క, పెంచే మీట పక్కన రెండు, తగ్గించే దాని పక్కన చిన్న గీత. ఆరాక మళ్ళీ వేసి, మళ్ళీ ఆరబెట్టి, వేలికి గట్టిగా తగిలేదాకా నాలుగుసార్లు వేశాను. కంటికి కనిపించవు కాబట్టి మా ఆయన కంట పడవు. అత్తయ్య వేలు పెట్టి చూసింది. ఒకటి. రెండు. గీత. మొహం వెలిగిపోయింది.

మూడు రోజుల్లో పొయ్యి ఆవిడ చెప్పుచేతల్లోకి వచ్చింది. ఒక్కో నొక్కుకీ ఒక్కో కుయ్, వాటిని లెక్కపెట్టుకుంటే వేడి ఎంతో తెలుస్తుంది. పైగా వేడి పెంచితే అది సన్నగా రొద పెడుతుందని కూడా ఆవిడే కనిపెట్టింది. నేను ఎంత చెవి ఒగ్గినా నాకు వినపడలేదు.

"మూగది కాదే ఇది," అంది, "లోలోపల సణుక్కునే రకం."

అన్నం మళ్ళీ అన్నంలా తయారైంది. మా ఆయన పట్టికలో "శిక్షణ వల్ల మెరుగుదల" అని రాసుకున్నారు. ఆ శిక్షణ తనదేనట. అక్కడితో ఆగినా బాగుండేది. ఫ్యాక్టరీలో పెద్దసారు దగ్గర గొప్పలు పోయారు, డెబ్బయ్యేళ్ళ మా అమ్మ నా ఎనిమిది సూచనలు చదివి కొత్త పొయ్యి నేర్చేసుకుందని. పెద్దసారుకి ముచ్చటేసింది. ఆదివారం భోజనానికి వస్తానన్నారు. వంట కళ్ళారా చూస్తారట.

ఆదివారం నేను పళ్ళు కొనడానికి బజారుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పెద్దసారు వంటగదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నారు, భారీ మనిషి, కింద స్టూలు ఉందో లేదో తెలియడం లేదు. మా ఆయన గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. గాజు పలక తళతళలాడుతోంది.

"ఎంత శుభ్రంగా ఉంచారండీ!" అన్నారు పెద్దసారు.

"పొద్దున నేనే తుడిచాను సార్. ఏవో జిగురు చుక్కలు అంటుకున్నాయి, కంటికి కనబడవు, చేతికి తగులుతున్నాయి. బ్లేడుతో గీకేశాను."

నా చేతిలో సంచి జారిపోయింది. అప్పటికే అత్తయ్య బియ్యం గిన్నె పొయ్యి మీద పెట్టి, వేలు చాపింది. వేలు ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్ళింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. కుయ్. కుయ్. కుయ్.

"అమ్మా, కంగారెందుకు? పైన రాసి ఉందిగా. సారు కోసం ఎనిమిదీ గట్టిగా చదివి మొదలుపెట్టు."

అత్తయ్య గోడ వైపు తలెత్తింది. నేను ముందుకు అడుగు వేశాను. ఆవిడ చేత్తోనే నన్ను ఆపింది.

"నువ్వు గీకేసింది జిగురు కాదురా," అంది, "నాకు కళ్ళు లేని చోట నా కోడలు పెట్టిన గుర్తులు. రెండేళ్ళుగా నాకు ఏదీ సరిగా ఆనదు. నీ కాగితం ఒక్కటీ చదవలేదు. అయినా నీ బోర్డు మీద అంకె పెరుగుతూనే ఉందిగా?"

ఇంటి నిండా ప్రమాదాలు వెతికిన మా ఆయన గోడలకేసి చూశారు, ఆ కాగితాల కేసి, మళ్ళీ వాళ్ళమ్మ కేసి.

"రెండేళ్ళా?" అన్నారు చివరికి.

పెద్దసారు మా ఆయన వైపు తిరిగారు. "మన ఫ్యాక్టరీలో నోటీసులు ఎన్ని ఉన్నాయండీ?"

"రెండువందల పద్నాలుగు సార్."

"ఎవరైనా చదువుతారంటారా?"

అత్తయ్యే పూనుకుంది. "ఒరే, వచ్చినాయన ఆకలితో ఉన్నాడు. నీ పెళ్ళాం దగ్గర నెయిల్ పాలిష్ సీసా ఉంది, తీసుకో. నా వేలు పట్టుకుని ఏది ఎక్కడుందో చూపించి చుక్కలు పెట్టు." నేను సీసా తెచ్చి ఇచ్చాను. ఆయన వంగి, వాళ్ళమ్మ వేలు తన చేతిలోకి తీసుకుని ఒక్కొక్క చోటా ఆనించి చుక్క పెట్టారు. చుక్కలన్నీ వంకరగా పడ్డాయి. అవి ఆరేదాకా పెద్దసారు అరటిపళ్ళు తిన్నారు. ఆ తర్వాత అత్తయ్య వండింది. అన్నం పొడిపొడిగా వచ్చింది.

ఆ సాయంత్రం నేను బట్టలు మడత పెడుతుంటే, హాల్లోంచి ఏదో ఈడ్చుకెళ్ళిన చప్పుడు. చూస్తే వంటగదిలో, పొయ్యికీ సింకుకీ మధ్య ఒక కుర్చీ వెలిసింది. దాని వీపుకి కాగితం: "అమ్మకు మాత్రమే." నేను తీసేయమని నోరు తెరిచేలోగా, అత్తయ్య ఎప్పటిలాగే మంచినీళ్ళ కోసం చకచకా లోపలికి వచ్చింది. రెండేళ్ళుగా కళ్ళు మూసుకుని తిరిగిన దారి. కుర్చీ కాలు మోకాలి కింద ఠపీమని తగిలింది. ఆవిడ కుర్చీ మీదికి, కుర్చీ గోడ మీదికి.

మా ఆయన పరుగెత్తుకొచ్చారు. "అమ్మా! తగిలిందా? ఇది చిన్న..."

"ఆగు," అంది అత్తయ్య, కాలు పట్టుకుని. "చిన్నదో పెద్దదో నేను చెబుతాను. ఇది లెక్కలోకి వస్తుంది. వెళ్ళి బోర్డు మీద సున్నా వెయ్యి. కుర్చీ తీసుకెళ్ళి హాల్లో నువ్వు కూర్చో."

ఆయన కుర్చీ మోసుకెళ్ళారు. తర్వాత బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డారు. ఏడువందల ముప్పైయెనిమిది రోజులు. తుడిచారు. సున్నా వేశారు.

క్యారేజీ మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు పొద్దున నేను వంటగదిలో ఉండగా, పొయ్యి సణుగుడు నాకూ సన్నగా వినబడింది. అత్తయ్య పాలు కాస్తోంది. మా ఆయన పళ్ళు తోముకుని వచ్చి, సున్నా తుడిచి ఒకటి వేశారు. రోజూ అయితే అక్కడి నుంచి అటే వెళ్ళిపోతారు. ఆవేళ వంటగది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

"అమ్మా," అన్నారు, "ఒకటి అని రాశాను."

"విన్నానురా," అంది అత్తయ్య.