తెల్లని పొర

దగ్గు తెర ఆగాక మామయ్య నోట్లోంచి నీళ్లతో పాటు ఒక తెల్లని పొర నేను పట్టుకున్న స్టీలు గిన్నెలో పడింది. కఫం కాదు. ఉడికిన గుడ్డు పెంకు కింద ఉండే పొరలా పలచగా, అరచేతిలో సగం ఉంది.

"ఉప్పగున్నదే" అని మామయ్య దిండుకు ఒరిగాడు.

అత్తమ్మ గిన్నెలోకి వంగి చూసి, నా వైపు తలెత్తింది.

"మందు పెట్టిండ్రు. ఎవలో తిండిల కలిపి పెట్టిండ్రు. గదే పడ్డది."

పేరు చెప్పలేదు. పోయిన ఏడాది పెళ్లయి వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో వంట నాదే.

అంతవరకు అందరం ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసిన ఘాటే ఆయనకు పట్టిందనుకున్నాం. దవాఖానలో చేర్చాక కూడా జ్వరం తగ్గలేదు. పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకు తీస్తున్నాడు.

"శ్యాం, బండి మాట్లాడు" అంది అత్తమ్మ కొడుకుతో. "నర్సంపేట కాడ పసరు పోసి కక్కిచ్చేటాయన ఉన్నడు. ఇది ఆయనకు చూపియ్యాలె."

"ఊపిరే ఆడుతలేదు, పసరు ఎట్ల మింగుతడు అత్తమ్మా?"

"నీకెందుకే అంత ఫికరు? ఎవల పేరు బయటికస్తదనా?"

నా భర్త శ్యాంసుందర్ కిటికీలోంచి పార్కింగు వైపు చూస్తున్నాడు. "జర ఆగుండ్రి" అన్నాడు. ఎవరిని అన్నాడో తెలియలేదు.

అత్తమ్మ గిన్నె అందుకోబోయింది. నేను వదల్లేదు. ఆ పసరు మనిషి చేతికి పోతే అది మందే అవుతుంది. ఇవ్వనంటే, తప్పు చేసి భయపడ్డదాన్నవుతాను. మంచానికీ గోడకీ మధ్య ఇరుక్కుని, గిన్నెను రెండు చేతులా పట్టుకుని, డాక్టర్ వచ్చేదాకా నిలబడ్డాను.

డాక్టర్ తేజస్వి గ్లౌజు వేళ్లతో పొరను విప్పి చూసింది.

"చిన్నప్పుడు గొర్లు కాసినవా తాతా?"

"కాసిన. కుక్కలు గూడ ఉండె."

సాయంత్రానికి స్కానూ ల్యాబూ అదే చెప్పాయి. కుక్క పేగుల్లో బతికే పురుగు గుడ్డు ఎప్పుడో మామయ్య కడుపులోకి పోయింది. ఊపిరితిత్తిలో నీటితిత్తిగా పెరిగి, ఇప్పుడు పగిలింది. ఆపరేషన్ చేయాలి. పసరు పోస్తే ప్రాణమే పోయేదట.

"గుడ్డు లోపటికెట్ల పోయింది మేడం?" అత్తమ్మ అడిగింది.

"తిండితోనో, కడగని చేతులతోనో."

అత్తమ్మ నా చేతుల వైపు చూసింది.

"ఇంత పెరగాలంటే ఏండ్లు పడతదమ్మా. మీ కోడలు మీ గడప తొక్కకముందు సంగతి ఇది."

"సమజైందా అమ్మా?" అన్నాడు శ్యాం.

"అయింది తియ్యి."

ఆపరేషన్‌కు తట్టుకోవాలంటే ఒంట్లోకి ఏదైనా పోవాలన్నారు. రాగిజావ కాచి తెచ్చాను. చెంచా పెదవుల దాకా తీసుకుపోయినా మామయ్య నోరు తెరవలేదు. ఆ ముఖంలో కోపం లేదు, భయం ఉంది. అత్తమ్మ కొంగు సర్దుకుంటూ ఎటో చూసింది. శ్యాం మళ్లీ కిటికీ దగ్గరికి పోయాడు.

చెంచాలోని జావ నా అరచేతిలో పోసుకుని తాగాను. మింగి, నోరు తెరిచి చూపించాను.

అప్పుడు ఆయన తెరిచాడు.

ఇంకో చెంచా ముంచాను. ఆయన చూపు మళ్లీ నా నోటి మీదికే వచ్చింది.